అంకె నుంచి పటానికి: భౌగోళిక సమాచార ప్రదర్శనలో పటాల రకాలు, వాటి పరిమితులు

ఒక ప్రదేశానికి సంబంధించిన అంకెను పట్టికలో రాస్తే అది ఆ ప్రదేశం పేరు పక్కన ఒంటరిగా నిలుస్తుంది. అదే అంకెను పటం మీదికి తెస్తే ఇరుగుపొరుగు ప్రాంతాలతో, నదులతో, కొండలతో, తీరంతో దానికున్న సంబంధం ఒక్క చూపులో బోధపడుతుంది. జనాభా, వర్షపాతం, నేలలు, పంటలు, వ్యాధులు, భాషలు, ఓట్లు మొదలైన విషయాలన్నింటినీ పటాల ద్వారా వివరించే పద్ధతి విద్యలోనూ పాలనలోనూ పత్రికల్లోనూ స్థిరపడడానికి ఈ సౌలభ్యమే కారణం. అయితే పట్టికలో అంకె యథాతథంగా కనిపిస్తుంది. పటంలో అది రంగుగానో చుక్కగానో గీతగానో మారి కనిపిస్తుంది. ఆ మార్పు సరైన పద్ధతిలో జరగకపోతే, ప్రతి అంకె నిజమే అయినా మొత్తం పటం అబద్ధం చెప్పగలదు. కాబట్టి ఏ సమాచారానికి ఏ రకం పటం తగినదన్న ప్రశ్నను అలంకరణకు సంబంధించినదిగా గాక, తర్కానికి సంబంధించినదిగా పరిశీలించవలసి ఉంది.

పటాలను స్థూలంగా రెండు తరగతులుగా విభజిస్తారు. ఊళ్లు, దారులు, నదులు, ఎత్తుపల్లాలు, సరిహద్దులు ఎక్కడున్నాయో చూపేవి సాధారణ పటాలు; భారత సర్వేక్షణ శాఖ 1:50,000 స్కేలులో తయారుచేసే స్థలాకృతి పటాలు, రెవెన్యూ శాఖ వద్ద ఉండే గ్రామ నక్షలు ఈ కోవకు చెందుతాయి. ఏదో ఒక విషయాన్ని తీసుకుని అది ఎక్కడెక్కడ ఎంతెంత ఉందో చూపేవి విషయపటాలు. సాధారణ పటంలో తప్పు దొర్లితే క్షేత్రానికి వెళ్లి సరిచూసుకోవచ్చు. విషయపటంలో చూపే జనసాంద్రత గానీ సగటు వర్షపాతం గానీ నేల మీద కంటికి కనిపించేవి కావు గనుక, పాఠకుడు పూర్తిగా పటకర్త నిర్ణయాల మీదే ఆధారపడతాడు. ఈ వ్యాసం ప్రధానంగా విషయపటాలనే సమీక్షిస్తుంది.

విషయపటాల పుట్టుక

సముద్రయానానికి దిక్సూచి ఎంత పక్కకు జరుగుతుందో తెలియవలసిన అవసరం కొద్దీ ఎడ్మండ్ హేలీ 1701లో అట్లాంటిక్ మహాసముద్రం మీద, అయస్కాంత విచలనం సమానంగా ఉన్న బిందువులను కలుపుతూ గీతలు గీసి ప్రచురించాడు. అదే ఆలోచనను 1817లో అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఉష్ణోగ్రతకు అన్వయించి సమోష్ణ రేఖలను ప్రవేశపెట్టాడు. ఫ్రాన్సులో చార్లెస్ డూపాన్ 1826లో అక్షరాస్యత స్థాయిని బట్టి పాలనా విభాగాలకు లేత, ముదురు ఛాయలు వేశాడు. 1830లో ఫ్రేర్ ద మోంటిజోన్ అదే దేశపు జనాభాను చుక్కలతో చూపాడు. ఐర్లండు రైల్వే కమిషన్ కోసం 1837లో హెన్రీ హార్నెస్ రూపొందించిన పటాల్లో ప్రయాణికుల రాకపోకలు వెడల్పు మారే పట్టీలుగా, పట్టణాల జనాభా చిన్నాపెద్దా వృత్తాలుగా కనిపించాయి. నేడు వాడుకలో ఉన్న ముఖ్య పద్ధతులన్నీ ఈ విధంగా ఇంచుమించు పందొమ్మిదో శతాబ్ది తొలి సగానికే రూపుదిద్దుకున్నాయి. రాజ్యాలు జనగణనలు జరిపి, అంకెలను విరివిగా పోగుచేసిన కాలం కూడా అదే కావడం గమనించదగినది.

తెలుగు నేలకు ఈ చరిత్రతో సంబంధం లేకపోలేదు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయంతో నేల కొలతలతో పాటు గ్రామాల కైఫీయతులను, అంటే స్థానిక వృత్తాంతాలను కూడా సేకరించాడు. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వే ఉత్తరానికి సాగుతూ హైదరాబాదు మీదుగా వెళ్లింది. స్వాతంత్ర్యానంతరం 1956లో కలకత్తాలో ఏర్పడిన జాతీయ అట్లాసు సంస్థ విషయపటాల తయారీని ఒక పద్ధతిలో చేపట్టింది. ఇప్పుడు హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలను అందిస్తోంది. 2009లో మొదలైన భువన్ వేదిక ద్వారా వాటిలో చాలా భాగం సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది.

సంఖ్య వేరు, నిష్పత్తి వేరు

పటాల రకాల మధ్య తేడా తేటపడాలంటే ఒకే సమాచారాన్ని వేర్వేరు పద్ధతుల్లో చూపి పోల్చడం ఉత్తమ మార్గం. ఇందుకు 2011 జనగణన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాలు చక్కగా ఉపకరిస్తాయి. హైదరాబాదు జిల్లా జనాభా 39.43 లక్షలు, పశ్చిమ గోదావరి జనాభా 39.37 లక్షలు, అనంతపురం జనాభా 40.81 లక్షలు; అంటే మూడూ దాదాపు సమానం. వైశాల్యాలు మాత్రం వరుసగా 217, 7,742, 19,130 చదరపు కిలోమీటర్లు. కాగా జనసాంద్రత, అంటే చదరపు కిలోమీటరుకు సగటున నివసించే మనుషుల సంఖ్య, హైదరాబాదులో 18 వేలకు పైగానూ పశ్చిమ గోదావరిలో సుమారు 508, అనంతపురంలో సుమారు 213గానూ ఉంది.

పత్రికల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ అత్యధికంగా కనిపించేది ఛాయాపటం. జిల్లా, మండలం వంటి పాలనా విభాగం మొత్తానికి దాని విలువను బట్టి ఒకే రంగు ఛాయ వేయడం దీని పద్ధతి. కోరోప్లెత్ అన్న పేరును దీనికి జాన్ కర్ట్‌లాండ్ రైట్ 1938లో పెట్టాడు. పై మూడు జిల్లాల మొత్తం జనాభాను ఛాయాపటంగా వేస్తే మూడింటికీ ఒకే ముదురు రంగు పడుతుంది. చూసేవారి కంటికి మాత్రం అనంతపురం రంగు పటాన్ని ఆక్రమించినట్టు, హైదరాబాదు ఒక మరకంత ఉన్నట్టు కనిపిస్తుంది. కన్ను రంగుతో పాటు వైశాల్యాన్ని కూడా పరిమాణంగానే లెక్కిస్తుంది గనుక, వైశాల్యం ఇప్పటికే కలిసివున్న మొత్తం సంఖ్యలను రంగులతో చూపితే ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. అందుకే ఛాయాపటాలను సాంద్రత, శాతం, తలసరి విలువ వంటి నిష్పత్తులకే వాడాలన్నది ఈ శాస్త్రంలో మొదటి నియమం. ఎన్నికల ఫలితాల్లో, వ్యాధుల లెక్కల్లో ఈ నియమాన్ని తరచు ఉల్లంఘించడం చూస్తాం; ఎక్కువ మంది ఉన్నచోట కేసులు ఎక్కువగా ఉంటాయన్న సామాన్య సత్యాన్ని తప్ప అలాంటి పటం మరేదీ చెప్పలేదు.

నిష్పత్తులు చూపినంత మాత్రాన చిక్కులన్నీ తీరవు. ఛాయాపటంలో విభాగమంతా ఒకే రంగులో ఉంటుంది కాబట్టి విలువ అంతటా ఒకే తీరుగా ఉందన్న భ్రమ కలుగుతుంది. నాటి పశ్చిమ గోదావరిలో డెల్టా పల్లెలు కిక్కిరిసి ఉండగా, పోలవరం వైపు ఏజెన్సీ అడవుల్లో జనం పలుచగా ఉండేవారు. కొల్లేరు సరస్సు నీటిలో నివాసమే లేదు. 508 అన్న సగటు ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ వర్ణించదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి రైట్ 1936లో కేప్ కాడ్ ప్రాంతం ఉదాహరణగా వివరించిన డేసీమెట్రిక్ పద్ధతి ఉపయోగపడుతుంది. నీరు, అడవి, కొండ వంటి జనావాసం లేని భాగాలను ముందుగా తీసివేసి, మిగిలిన నేల మీదే జనాభాను పంచడం ఇందులోని మూలసూత్రం. భూవినియోగాన్ని చూపే ఉపగ్రహ చిత్రాలు సులభంగా దొరుకుతున్న ఈ రోజుల్లో దీన్ని పాటించకపోవడానికి సాంకేతికమైన సాకు ఏదీ మిగల్లేదు.

తరగతుల విభజన

ఛాయాపటం తయారుచేసే వ్యక్తి విలువలను నాలుగైదు తరగతులుగా విడదీసి ఒక్కో తరగతికి ఒక్కో ఛాయ కేటాయిస్తాడు. ఎక్కడ విడదీయాలన్న నిర్ణయం పటం చెప్పే కథను పూర్తిగా మార్చగలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల జనసాంద్రతలను సమాన అంతరాలతో ఐదు తరగతులు చేస్తే ఒక్కో తరగతి వెడల్పు సుమారు 3,600 అవుతుంది. హైదరాబాదు తర్వాత అత్యధిక సాంద్రత గల రంగారెడ్డి జిల్లా విలువ సుమారు 700 మాత్రమే కాబట్టి, 22 జిల్లాలూ అడుగు తరగతిలో చేరి హైదరాబాదు ఒక్కటే పై తరగతిలో నిలుస్తుంది. నడుమ తరగతులు మూడూ ఖాళీ. దీనికి మారుగా జిల్లాలను వరుసక్రమంలో పేర్చి ప్రతి తరగతిలో సమాన సంఖ్యలో ఉండేలా పంచితే పటం రంగురంగులుగా, సమతూకంగా కనిపిస్తుంది. కానీ హైదరాబాదు, రంగారెడ్డి, కృష్ణా, పశ్చిమ గోదావరి ఒకే తరగతిలో చేరతాయి. 18 వేలు, 508 ఒకే రంగులో కలిసిపోతాయి. విలువల మధ్య సహజంగా ఉన్న ఖాళీలను వెతికి అక్కడే విడదీసే పద్ధతిని అమెరికాకు చెందిన జార్జ్ జెంక్స్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇటువంటి అసమాన విలువలకు అది కొంత మేలైనదే అయినా, దాని తరగతుల హద్దులు ఆ ఒక్క పటానికే పరిమితమవుతాయి కాబట్టి వేర్వేరు సంవత్సరాల పటాలను పోల్చడానికి పనికిరాదు.

తరగతుల హద్దులు పాలనా నిర్ణయాలతో ముడిపడినప్పుడు ఈ విషయానికి మరింత ప్రాముఖ్యం ఏర్పడుతుంది. భారత వాతావరణ శాఖ వర్షపాతం సాధారణం నుంచి ఎంత తేడాగా ఉందో చూపే పటాల్లో 19 శాతం వరకు లోటును సాధారణంగానే పరిగణించి, 20 నుంచి 59 శాతం వరకు లోటుగా, 60 శాతం పైబడితే భారీ లోటుగా చూపుతుంది. 19 శాతం, 20 శాతం మధ్య పొలంలో తేడా ఏమీ ఉండదు, పటంలో మాత్రం రంగు మారిపోతుంది. అంతేకాక ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో 20 శాతం లోటు అంటే 110 మిల్లీమీటర్లు. వేరుశెనగ రైతుకు అది పంట దక్కడానికి, దక్కకపోవడానికి మధ్య దూరం కావచ్చు. దానికి రెట్టింపు వాన కురిసే చోట అదే శాతం లోటును చెరువులు, కాలువలు కొంతవరకు కాచుకోగలవు. ఒకే రంగు వెనుక రెండు వేర్వేరు జీవన స్థితులు ఉన్నాయన్న సంగతిని అలాంటి పటాన్ని చదివేవారు గుర్తించాలి.

రంగుల ఎంపికకూ నియమాలున్నాయి. తక్కువ నుంచి ఎక్కువకు సాగే విలువలకు ఒకే రంగులో లేత నుంచి ముదురుకు పోయే ఛాయలు, సాధారణ స్థితికి అటూ ఇటూ సాగే తేడాలకు రెండు విరుద్ధ రంగులు, పంటలు, భాషలు వంటి రకాలకు పరస్పరం పోలికలేని రంగులు వాడాలి. ఫ్రెంచి పటశాస్త్రజ్ఞుడు జాక్ బెర్తాన్ 1967లో ప్రచురించిన గ్రంథంలో పరిమాణం, ఛాయ, రంగు, ఆకారం, దిశ వంటి దృశ్య లక్షణాల్లో ఏది ఏ రకం సమాచారాన్ని మోయగలదో వివరించాడు. ఆకారాలూ వేర్వేరు రంగులూ రకాన్ని చెప్పగలవే గాని ఎక్కువ తక్కువలను చెప్పలేవన్నది ఆ వివరణ సారాంశం. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడాను గుర్తించలేనివారు సమాజంలో ఉన్నారు కాబట్టి ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలపడం మానుకోవాలని సింథియా బ్రూవర్ వంటి నిపుణులు సూచించారు.

చుక్కలు, వృత్తాలు

మొత్తం సంఖ్యలను చూపడానికి తగినవి చుక్కల పటం, వృత్తాల పటం. పదివేల మందికి ఒక చుక్క చొప్పున పెడితే పై మూడు జిల్లాలకూ దాదాపు 400 చుక్కల చొప్పున వస్తాయి. అనంతపురంలో అవి పలుచగా పరుచుకుంటాయి, పశ్చిమ గోదావరి డెల్టాలో చిక్కబడతాయి. సంఖ్య, సాంద్రత రెండూ ఒకే చూపులో తెలియడం ఈ పద్ధతి గొప్పతనం. అయితే సెంటీమీటరుకు 20 కిలోమీటర్ల స్కేలు గల పటం మీద హైదరాబాదు జిల్లాకు దక్కే చోటు అర చదరపు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. అందులో 394 చుక్కలు ఇమడవు. నగరాలకు చుక్కల బదులు వృత్తాలు వాడడం, లేదా నగరాన్ని విడిగా పెద్ద స్కేలులో గీసి పటం మూలన చేర్చడం ఇందుకు పరిష్కారం. చుక్క ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. జిల్లా హద్దుల లోపల యాదృచ్ఛికంగా చుక్కలు చల్లే సాఫ్ట్‌వేర్ కొల్లేరు నడిమధ్యన కూడా జనాన్ని నివసింపజేస్తుంది.

వృత్తాల పటంలో వృత్తపు వైశాల్యం విలువకు అనులోమంగా ఉండాలి. జనాభా రెట్టింపైతే వ్యాసార్థం 1.41 రెట్లు పెరగాలే గాని రెట్టింపు కారాదు; వ్యాసార్థాన్ని రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలై పటం అతిశయోక్తికి పాల్పడుతుంది. ఇంతగా లెక్క పాటించినా మనుషుల కన్ను పెద్ద వృత్తాలను ఉన్నదానికన్నా చిన్నవిగా అంచనా వేస్తుందని పరిశోధనల్లో తేలింది. అందువల్ల మూడు నాలుగు నమూనా వృత్తాలను విలువలతో సహా సూచికలో ఇవ్వడం తప్పనిసరి.

బిందు సమాచారానికి ప్రసిద్ధమైన ఉదాహరణ లండన్‌లో 1854లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో గీసిన పటం. బ్రాడ్ స్ట్రీట్ పరిసరాల్లో మరణాలను ఇంటింటి వద్ద గీతలుగా చూపి, నీటి పంపుల స్థానాలను కూడా గుర్తించిన ఆ పటంలో మరణాలు ఒక పంపు చుట్టూ గుమిగూడడం స్పష్టంగా కనిపించింది. వ్యాధి నీటి ద్వారా వ్యాపిస్తుందన్న అభిప్రాయం స్నోకు అంతకుముందే ఉంది. పటం దానికి బలమైన సాక్ష్యమైంది. ఆ మరణాలనే పారిష్ వారీగా కూడి ఛాయాపటం వేసి ఉంటే ఆ సాక్ష్యం మాయమయ్యేది.

తెలుగు ప్రాంతంలో తాగునీటిలోని ఫ్లోరైడ్ సమస్య ఇదే పాఠాన్ని చెబుతుంది. ఫ్లోరోసిస్ వ్యాధిని దేశంలో తొలిసారిగా 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తర్వాత నల్లగొండ జిల్లా దాని తీవ్రతకు పర్యాయపదమైంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. రాతి పగుళ్లలోని నీరు బోరు లోతును బట్టి, శిల స్వభావాన్ని బట్టి మారుతుంది కనుక ఒకే ఊళ్లో రెండు బోర్ల మధ్య కూడా తేడా ఉంటుంది. మండల సగటుతో ఛాయాపటం వేస్తే ప్రమాదకరమైన బోరు సురక్షిత మండలంలో దాగిపోతుంది. బోరును బోరుగానే చుక్కతో చూపి, ఆ చుక్కకు విలువను బట్టి ఛాయ ఇవ్వడమే ఇక్కడ సరైన పద్ధతి. ఇక్కడ పటం ఎంపిక నేరుగా ఆరోగ్యంతో ముడిపడిన నిర్ణయం.

సమరేఖలు: అవిచ్ఛిన్న విలువల పటాలు

ఎత్తు, వర్షపాతం, ఉష్ణోగ్రత వంటివి జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోయి కొత్తగా మొదలయ్యేవి కావు. క్రమంగా మారుతూ అంతటా వ్యాపించి ఉంటాయి. వీటికి సమాన విలువలు గల బిందువులను కలిపే సమరేఖల పటం తగినది. ఎత్తుకు సమోన్నత రేఖలు, వానకు సమవర్షపాత రేఖలు, వేడిమికి సమోష్ణ రేఖలు ఈ కోవలోవే. రేఖలు దగ్గరదగ్గరగా ఉంటే విలువ వేగంగా మారుతోందని, ఎడంగా ఉంటే నెమ్మదిగా మారుతోందని గ్రహించాలి. అయితే వర్షమాపకాలు కొన్ని చోట్ల మాత్రమే ఉంటాయి. వాటి నడుమ విలువలను అంచనా వేసి గీసినవే ఈ రేఖలు. మాపకాలు దట్టంగా ఉన్న మైదానంలో రేఖకున్న విశ్వసనీయత, మాపకాలు అరుదైన తూర్పు కనుమల ఏజెన్సీలో దానికి ఉండదు. మాపకాల స్థానాలను కూడా పటం మీద గుర్తిస్తే పాఠకుడు ఈ తేడాను తానే కనిపెట్టగలడు.

రేఖల మధ్య అంతరం కూడా పరీక్షించదగినది. 1:50,000 స్థలాకృతి పటాల్లో ఈ అంతరం సాధారణంగా 20 మీటర్లు. పాడేరు కొండల్లో అది చాలినంత వివరాన్ని ఇస్తుంది, కృష్ణా గోదావరి డెల్టాల్లో మాత్రం దాదాపు ఏమీ చెప్పదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో ఊళ్ల భవితవ్యాన్ని నిర్ణయించినవి కొద్ది మీటర్ల తేడాలే. అటువంటి నేలకు ఒక మీటరు లేదా అంతకన్నా తక్కువ అంతరంతో గీసిన ముంపు పటాలు అవసరం.

రకాల పటాలు: భాషల ఉదాహరణ

నేలలు, శిలలు, పంటలు, భాషలు వంటి రకాలను చూపే పటాల్లో ఒక్కో రకానికి ఒక్కో రంగు ఇస్తారు. శిలలకు ఇది బాగా సరిపోతుంది గాని, మనుషులకు సంబంధించిన విషయాల్లో పటం మీద గీసిన గీత లేని సరిహద్దును సృష్టిస్తుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ భాష ప్రాతిపదికన ఏర్పడినప్పుడు సరిహద్దు తాలూకాల గురించి జరిగిన వివాదాలు ఈ సమస్యను రుజువు చేశాయి. తమిళనాడులోని కృష్ణగిరి, కర్ణాటకలోని బళ్ళారి, కోలారు, ఒడిశాలోని రాయగడ, మహారాష్ట్రలోని గడ్చిరోలి ప్రాంతాల్లో తెలుగువారు ఇతర భాషలవారితో కలిసి జీవిస్తున్నారు. ఆదిలాబాదులో గోండి, కొలామి, మరాఠీ, తెలుగు ఒకే సంతలో వినిపిస్తాయి. ఒక ప్రాంతానికి ఒకే రంగు వేసే పటంలో సంఖ్యలో తక్కువగా ఉన్న భాష ఉనికినే కోల్పోతుంది. భాషకు ఒక రంగు చొప్పున చుక్కలు వేయడం ఈ లోపాన్ని చాలావరకు తొలగిస్తుంది.

పటంలో అంతటా ఒకే తీరున పరచిన రంగు, వెనుకనున్న సమాచారం నాణ్యతలోని తేడాలను కూడా కప్పిపుచ్చుతుంది. జార్జ్ గ్రియర్సన్ ఆధ్వర్యంలో జరిగిన భారత భాషా సర్వేక్షణ క్షేత్ర పరిశీలన మద్రాసు రాష్ట్రానికి, హైదరాబాదు సంస్థానానికి విస్తరించలేదు. కాబట్టి తెలుగు ప్రధానంగా మాట్లాడే నేల గురించి అందులో ఉన్న సమాచారాన్ని ఉత్తర భారత భాషల సమాచారంతో సమానంగా పరిగణించలేం. ఈ కొరతను తీర్చిన కృషిలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం ముఖ్యమైనది. ఒక్కో వ్యవసాయ పదం ఎక్కడెక్కడ వాడుకలో ఉందో క్షేత్రంలో సేకరించిన ఆ కృషి, తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించడానికి ఆధారమైంది. ఒక పదం వాడుక ఆగే చోట గీసే మాండలిక రేఖలు అన్నీ ఒకే దారిన పోవు. అవి గుంపుగా సాగే చోటే మాండలికాల మధ్య హద్దు ఉందని భాషాశాస్త్రం భావిస్తుంది.

ప్రవాహ పటాలు

మనుషులు, సరుకులు, నీరు, తుఫానులు ఒక చోటి నుంచి మరో చోటికి కదలడాన్ని ప్రవాహ పటాలు చూపుతాయి. పట్టీ వెడల్పు పరిమాణాన్ని సూచిస్తుంది. 1812లో నెపోలియన్ రష్యా మీదికి నడిపిన సైన్యం 4,22,000 నుంచి 10,000కు కుంచించుకుపోయిన తీరును షార్ల్ మినార్ 1869లో ఒకే పట్టీ సన్నబడడం ద్వారా చూపాడు. యుద్ధ వినాశనాన్ని అంత సూటిగా చెప్పిన పటం మరొకటి అరుదు. పాలమూరు, అనంతపురం, శ్రీకాకుళం ప్రాంతాల వలసలను వివరించడానికి ఈ పద్ధతే తగినది. అయితే జనగణన పుట్టిన చోటును, గత నివాసాన్ని నమోదు చేసినా, ఏటా కొన్ని నెలలు వెళ్లి తిరిగివచ్చే కూలీల రాకపోకలను సరిగా పట్టుకోలేదు. అందువల్ల జనగణన ఆధారంగా గీసిన ప్రవాహ పటంలో పాలమూరు కూలీల కదలికలో పెద్ద భాగం కనిపించకుండా పోతుంది. పటం మీద బాణం లేకపోవడం వలస లేకపోవడానికి రుజువు కాదు.

తుఫాను మార్గాన్ని చూపే పటాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ వంటి తుఫానులకు ముందస్తుగా విడుదల చేసే పటాల్లో మార్గరేఖ చుట్టూ క్రమంగా వెడల్పయ్యే ఒక శంక్వాకార ప్రాంతం ఉంటుంది. తుఫాను కేంద్రం ఎటు జరగవచ్చునన్న అనిశ్చితికి అది సూచిక. గాలులు, వాన, ఉప్పెన ఎంత దూరం విస్తరిస్తాయో అది చెప్పదు. శంకువుకు బయట ఉన్నాం కాబట్టి క్షేమమని తీరవాసులు అనుకుంటే ప్రాణాపాయం. అనిశ్చితిని చూపడం పటకర్త నిజాయితీకి గుర్తు. దాన్ని సామాన్యులకు అర్థమయ్యే భాషలో వివరించడం కూడా అతని బాధ్యతే.

ప్రక్షేపణం, కార్టోగ్రామ్

గుండ్రని భూమిని చదునైన కాగితం మీదికి మార్చే గణిత పద్ధతిని ప్రక్షేపణం అంటారు. ఏ ప్రక్షేపణమూ వైశాల్యం, ఆకారం, దూరం, దిశ అన్నింటినీ ఒకేసారి కాపాడలేదు. 1569 నాటి మెర్కేటర్ ప్రక్షేపణం నావికులకు దిక్కులు నిలబెట్టింది గాని, దాని మీద గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో సమానంగా కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. ఇప్పటి ఆన్‌లైన్ పటాల్లో చాలా భాగం ఇదే ప్రక్షేపణపు రూపాంతరాన్ని వాడుతున్నాయి. లెక్క కడితే తెలుగు రాష్ట్రాల దక్షిణ, ఉత్తర కొసల మధ్య వైశాల్యంలో సుమారు 7, 8 శాతం తేడా మాత్రమే వస్తుంది. దేశం మొత్తం తీసుకుంటే మాత్రం కన్యాకుమారి వద్ద ఒక చదరపు కిలోమీటరుతో పోల్చినప్పుడు కాశ్మీరు ఉత్తరాన అదే చదరపు కిలోమీటరు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. కనుక సాంద్రతలను చూపే దేశ పటాలకు సమవైశాల్య ప్రక్షేపణాన్ని ఎంచుకోవడం అవసరం.

కార్టోగ్రామ్ ఇందుకు వ్యతిరేక దిశలో సాగుతుంది: నేల వైశాల్యాన్ని వదిలేసి, ప్రాంతాల పరిమాణాన్ని జనాభా వంటి విలువకు అనులోమంగా మారుస్తుంది. 2004లో గాస్ట్‌నర్, న్యూమన్ అనే భౌతికశాస్త్రవేత్తలు ప్రతిపాదించిన గణిత పద్ధతి దీన్ని కంప్యూటర్ మీద సులభం చేసింది. ఇందులో హైదరాబాదు, పశ్చిమ గోదావరి, అనంతపురం దాదాపు సమానంగా కనిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోని 25, తెలంగాణలోని 17 లోక్‌సభ స్థానాలకు సమాన షడ్భుజాలు కేటాయించే ఎన్నికల పటం కూడా ఈ కుటుంబానిదే. ఆదిలాబాదు విస్తీర్ణం గానీ సికింద్రాబాదు ఇరుకు గానీ అందులో ఓటు విలువను మార్చవు. ఆకారాలు గుర్తుపట్టలేనంతగా మారడం దీని లోపం కాబట్టి పక్కనే సాధారణ పటాన్ని కూడా ముద్రించాలి.

హద్దులు మారినప్పుడు

ఒకే సమాచారాన్ని వేర్వేరు విభాగాలుగా కూడితే వేర్వేరు ఫలితాలు వస్తాయన్న సంగతిని 1934లోనే గెల్కే, బీల్ గుర్తించారు. స్టాన్ ఓపెన్‌షా 1984లో దాన్ని విస్తృతంగా చర్చించాడు. ప్రాంతాల సగటుల నుంచి వ్యక్తుల గురించి తీర్మానాలు చేయడం తప్పని 1950లో రాబిన్‌సన్ నిరూపించాడు. తెలుగు రాష్ట్రాల్లో ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పశ్చిమ గోదావరి అన్న పేరు ఇప్పుడు భీమవరం కేంద్రంగా ఉన్న చిన్న జిల్లాకు మిగిలింది. పేరు ఒకటే, ప్రాంతం వేరు కాబట్టి పాత పటాన్ని కొత్త పటంతో నేరుగా పోల్చితే జనాభా హఠాత్తుగా తగ్గినట్టు, సాంద్రత పెరిగినట్టు తప్పుడు తీర్మానాలు వస్తాయి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడడం వల్ల పాత అంకెలను కొత్త హద్దుల్లోకి సర్దే పని ఎక్కువైంది; ఆ పని మండల, గ్రామ స్థాయి లెక్కల నుంచి మొదలైతేనే నమ్మదగినది.

2020 ఏప్రిల్ చివరలో కోవిడ్ తీవ్రతను బట్టి దేశంలోని జిల్లాలను 130 ఎరుపు, 284 నారింజ, 319 ఆకుపచ్చ మండలాలుగా ప్రకటించినప్పుడు కూడా విభాగం పరిమాణమే ముఖ్యమైంది. నగరంలో ఒక మూలన కేసులు పెరిగితే వంద కిలోమీటర్ల దూరంలోని పల్లెకు కూడా అదే రంగు, అవే ఆంక్షలు వర్తించాయి. పటం మీది రంగు బతుకుతెరువును శాసించే స్థాయికి చేరినప్పుడు విభాగాన్ని ఎంత చిన్నదిగా తీసుకోవాలన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది.

తీర్పు

పై పరిశీలన నుంచి తేలేది ఒక్కటే: అన్నింటికీ సరిపడే పటం లేదు. నిష్పత్తులకు ఛాయాపటం, మొత్తాలకు వృత్తాలు, పంపిణీకి చుక్కలు, అవిచ్ఛిన్నమైన విలువలకు సమరేఖలు, కదలికకు ప్రవాహ పట్టీలు, మనుషుల సమాన ప్రాతినిధ్యానికి కార్టోగ్రామ్ తగినవి. నిర్ణయాలకు ఆధారమయ్యే ఏ ముఖ్య విషయాన్నైనా కనీసం రెండు రకాల పటాలతో చూపడం మేలు. ఒకటి దాచినదాన్ని రెండోది బయటపెడుతుంది. 2021లో కేంద్ర ప్రభుత్వం భౌగోళిక సమాచారంపై పాత ఆంక్షలను చాలావరకు సడలించిన తర్వాత పటాలు తయారుచేయడం ఎవరికైనా సాధ్యమైంది. సాధ్యమైనంత మాత్రాన సరైనవిగా తయారవుతున్నాయని చెప్పలేం. ప్రభుత్వ శాఖలు, పత్రికలు, పాఠ్యపుస్తక కర్తలు తాము ప్రచురించే ప్రతి పటం కింద సమాచారం ఏ సంవత్సరానిదో, హద్దులు ఏ తేదీ నాటివో, తరగతులను ఏ పద్ధతిలో విడదీశారో, ఏ ప్రక్షేపణం వాడారో తెలుగులో స్పష్టంగా రాయాలి. మండల, గ్రామ స్థాయి లెక్కలను అందరికీ అందుబాటులో ఉంచాలి. పటం చూసేవారు రంగుల మీదికి చూపు పోనివ్వక ముందే సూచికను చదివే అలవాటు చేసుకోవాలి. బడిలో భూగోళశాస్త్రం నేర్పవలసిన మొదటి పాఠం అదే.